జీనోమ్ డేటా చదువు: ఎర్రర్ రాని తప్పులతోనే అసలు పని

మనిషి జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, పొడవు దాదాపు 310 కోట్ల అక్షరాలు (ఏ, సి, జి, టి). ఒక్కో చోటును సగటున 30 సార్లు చదివిస్తే చేతికొచ్చేది 9,300 కోట్ల అక్షరాలు. డీఎన్ఏ చదివే మిషన్, అంటే సీక్వెన్సర్, వెయ్యికి ఒక్కటే తప్పు చదివినా అందులో 9.3 కోట్ల తప్పులుంటాయి. ఒక మనిషి జీనోమ్‌కూ, పోలికకు అందరూ వాడే రిఫరెన్స్ జీనోమ్‌కూ నిజంగా తేడా ఉండే చోట్లు 40 నుంచి 50 లక్షలు. అంటే మనకు కావలసిన నిజం ఒకటైతే దాని చుట్టూ మిషన్ తప్పులు ఇరవై దాకా ఉంటాయి. పీజీలో కంప్యుటేషనల్ జీనోమిక్స్ అంటే ఏం చదువుతారని ఎవరడిగినా నేను ముందు ఈ లెక్కే వేసి చూపిస్తాను. అల్గారిథమ్‌లు, స్టాటిస్టిక్స్, క్లస్టర్ మీద పని, అన్నీ ఆ ఒకటిని ఏరడానికే.

సిలబస్‌లో రాసి ఉండని సంగతి ఇంకొకటుంది. ప్రోగ్రామ్ ఆగిపోయి ఎర్రర్ చూపించే తప్పులు ఈ రంగంలో సులువైనవి, వెతికితే జవాబు దొరుకుతుంది. ఏ ఎర్రరూ లేకుండా చివరిదాకా నడిచి, చక్కగా కనిపించే ఫైలు చేతిలో పెట్టే తప్పులతోనే ప్రమాదం. ఎం.టెక్‌లో నేర్చుకున్నదాంట్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఈ అలవాటే: ఏ దశలో ఏ అంకె ఎంత రావాలో ముందే కాగితం మీద వేసుకోవడం, వచ్చింది దానితో కలవకపోతే అక్కడే ఆగడం.

ఈ కోర్సుల్లోకి రెండు వైపుల నుంచి వస్తారు. బయోటెక్నాలజీ చదివినవాళ్లకు ఎక్సాన్ (జీన్‌లో చివరి ఆర్ఎన్ఏలో మిగిలే భాగం) అంటే ఏమిటో తెలుసు, లూప్ రాయడం కొత్త. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు డైనమిక్ ప్రోగ్రామింగ్ నల్లేరు మీద నడక, కానీ ఒక జీన్ రివర్స్ స్ట్రాండ్ (డీఎన్ఏలో ఎదురు దిశలో చదివే రెండో పోగు) మీద ఉంటే ఏమవుతుందో తెలియదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే పీజీ కోర్సులకు గ్యాట్-బి పరీక్ష, ఎం.టెక్ సీట్లకు ఎక్కువగా గేట్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి దాని సొంత ప్రవేశ పరీక్ష ఉంటాయి. ఏ దారిన వచ్చినా చేరేలోపు మూడు పనులు చేతికి అలవాటు కావాలి: లినక్స్ కమాండ్ లైన్ మీద పెద్ద ఫైలును తెరవకుండానే లోపల చూడటం, పైథాన్‌లో పదిహేను ఇరవై లైన్ల స్క్రిప్టు రాయడం, బైనామియల్, పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్‌లతో చేత్తో లెక్క కట్టడం. మిగతాది అక్కడ నేర్పుతారు.

మొదటి సెమిస్టర్‌లో బరువంతా స్ట్రింగ్ అల్గారిథమ్‌లదే. సీక్వెన్సర్ ఒకసారి చదివే ముక్కను రీడ్ అంటారు, పొడవు సాధారణంగా 150 అక్షరాలు. రెండు కొసల నుంచీ చదివే పద్ధతిలో 30 రెట్ల కవరేజ్ (ఒక్కో చోటు సగటున 30 సార్లు) కావాలంటే 31 కోట్ల జతలు, అంటే 62 కోట్ల రీడ్లు. ఒక్కోటీ జీనోమ్‌లో ఎక్కడిదో వెతకాలి. రెండు స్ట్రింగ్‌లను అక్షరం అక్షరం పోల్చే 1981 నాటి స్మిత్-వాటర్‌మన్ పట్టిక వేస్తే ఒక్క రీడ్‌కే 46,500 కోట్ల గడులు నింపాలి. అందుకని రిఫరెన్స్‌ను ముందే ఇండెక్స్ చేసి పెట్టుకుంటాం. ప్రతి చోటు నుంచీ చివరిదాకా ఉన్న ముక్కలను చెట్టులా పేర్చే సఫిక్స్ ట్రీ కడితే అక్షరానికి 15 బైట్లు వేసుకున్నా 45 జీబీ దాటుతుంది. ఆ ముక్కలు మొదలయ్యే చోట్లనే వరసగా పెట్టే సఫిక్స్ అర్రే అయితే చోటుకు 4 బైట్లు, 12.4 జీబీ. బరోస్, వీలర్ 1994లో చెప్పిన మార్పిడి మీద 2000లో వచ్చిన ఎఫ్ఎమ్ ఇండెక్స్ ఈ చిక్కు విప్పింది. బిడబ్ల్యూఏ అనే అలైనర్ (రీడ్ల చోటు వెతికే ప్రోగ్రామ్) వాడే ఇండెక్స్ మొత్తం 5 జీబీ పైచిలుకే.

ఇది పుస్తకంలో చదివితే అర్థమైనట్టే ఉంటుంది, కానీ చేత్తో చేస్తేనే పట్టు దొరుకుతుంది. టి-ఏ-సి-ఏ-టి-ఏ-జి అనే ఏడు అక్షరాలు తీసుకుని చివర $ పెట్టండి. ప్రతి చోటు నుంచీ చివరిదాకా ఉన్న ముక్కలను $, ఏ, సి, జి, టి క్రమంలో పేర్చండి. ముక్క, అది మొదలైన చోటు, దానికి ముందున్న అక్షరం ఇలా వస్తాయి:

1. $ (చోటు 8, ముందు జి)
2. ఏసిఏటిఏజి$ (చోటు 2, ముందు టి)
3. ఏజి$ (చోటు 6, ముందు టి)
4. ఏటిఏజి$ (చోటు 4, ముందు సి)
5. సిఏటిఏజి$ (చోటు 3, ముందు ఏ)
6. జి$ (చోటు 7, ముందు ఏ)
7. టిఏసిఏటిఏజి$ (చోటు 1, ముందు $)
8. టిఏజి$ (చోటు 5, ముందు ఏ)

ముందు అక్షరాలను పైనుంచి కిందికి చదివితే జి-టి-టి-సి-ఏ-ఏ-$-ఏ. ఇదే బరోస్-వీలర్ రూపం. ఇప్పుడు 'టిఏ' వెతకాలి. వెతుకులాట వెనక నుంచి మొదలవుతుంది. ఏ తో మొదలయ్యే వరసలు 2 నుంచి 4. వాటి ముందు అక్షరాలు టి, టి, సి. అంటే 'టిఏ' రెండు సార్లుంది. వాటికి పైనున్న మొదటి వరసలో ముందు అక్షరం టి కాదు కాబట్టి ఆ రెండూ టి వరసల్లో మొదటి రెండు, అంటే 7, 8. వాటి చోట్లు 1, 5. అసలు స్ట్రింగ్‌లో వేలు పెట్టి చూసుకోండి, సరిపోతుంది. ఎంత పెద్ద జీనోమ్ అయినా ఒక్కో అక్షరానికి పట్టే పని ఇంతే. వెతికే ముక్క పొడవును బట్టి సమయం పెరుగుతుంది గానీ జీనోమ్ పొడవును బట్టి కాదు. ఈ కాగితం పని పూర్తయ్యాక ఇదే ప్రోగ్రామ్‌గా రాసి, 29,903 అక్షరాలున్న కరోనా వైరస్ రిఫరెన్స్ మీద, ఆ తర్వాత సుమారు 46.4 లక్షల అక్షరాల ఈ.కోలై కే-12 మీద నడపాలి. వైరస్ మీద ఏ కోడ్ అయినా పరిగెడుతుంది. బాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి, ముక్కలన్నిటినీ స్ట్రింగ్‌లుగా కాపీ చేసి సార్ట్ చేసే కోడ్ మెమరీ మొత్తం మింగి కూర్చుంటుంది. ముక్కలను కాపీ చేయకుండా మొదలయ్యే చోటు నంబర్లనే సార్ట్ చేయాలన్నది అక్కడ ఒంటబడుతుంది.

ప్రాబబిలిటీ వైపు మొదట, చదివిన అక్షరం ఎంత నమ్మదగ్గదో చెప్పే ఫ్రెడ్ స్కోర్ వస్తుంది. సీక్వెన్సర్ ఇచ్చే ఫాస్ట్‌క్యూ ఫైలులో ఒక్కో రీడ్‌కు నాలుగు లైన్లు: పేరు, అక్షరాలు, ప్లస్ గుర్తు, నాణ్యత. నాలుగో లైనులో ఒక్కో గుర్తు ఆస్కీ విలువలోంచి 33 తీసేస్తే స్కోరు. క్యాపిటల్ ఎఫ్ విలువ 70, స్కోరు 37, అంటే సుమారు 5,000లో ఒకటి తప్పయ్యే అవకాశం. స్కోరు 30 అయితే 1,000లో ఒకటి, 20 అయితే 100లో ఒకటి. ఫైలు తెరిచి రెండు మూడు రీడ్లకు ఇది చేత్తో చేసి చూడటం మంచిది.

కవరేజ్ లెక్క ఇంకా ముఖ్యం. సగటు 30 అంటే ప్రతి చోటా 30 అని కాదు. రీడ్లు ఎక్కడ పడతాయన్నది దాదాపు పాయిసాన్ లెక్క ప్రకారం నడుస్తుందని లాండర్, వాటర్‌మన్ 1988లో చూపించారు. సగటు 7.4 అనుకోండి. ఒక చోట రెండు లేదా అంతకన్నా తక్కువ రీడ్లు పడే అవకాశం సుమారు 2 శాతం. 310 కోట్లలో 2 శాతమంటే ఆరు కోట్ల పైన. తల్లి నుంచి ఒక అక్షరం, తండ్రి నుంచి వేరే అక్షరం వచ్చిన హెటిరోజైగస్ చోట నాలుగే రీడ్లు పడితే, నాలుగూ ఒకే వైపు నుంచి వచ్చే అవకాశం 8లో 1. అప్పుడు అక్కడ తేడా లేనట్టే కనిపిస్తుంది, లేదా రెండు వైపులా తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. జి, సి అక్షరాల శాతం ఎక్కువున్న ప్రాంతాల్లో అసలు కవరేజ్ ఈ లెక్క కన్నా పలచగా ఉంటుంది కాబట్టి పాయిసాన్ ఇచ్చేది ఆశావహమైన అంచనా.

7.4 అంకె ఊరికే తీసుకున్నది కాదు. వివిధ ప్రాంతాల మనుషుల జీనోమ్‌లు చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు 2015లో ప్రచురించిన మూడో దశలో సగటు లోతు (కవరేజ్) అదే. ఆ 2,504 మందిలో దక్షిణాసియా వాళ్లు 489 మంది, వాళ్లలో 102 మంది బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు. ఐటీయూ అనే పేరుతో ఆ డేటా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఉంది. తర్వాత అదే సేకరణను 30 రెట్ల లోతుతో మళ్లీ చదివించి, బంధువులను కూడా కలిపి 3,202 మంది డేటా ఇచ్చారు. మన దగ్గర ఈ చదువు చదివేవాళ్లకు సాధనకు ఇంతకన్నా మంచి డేటా లేదని నా నమ్మకం. ఒకటే జాగ్రత్త: 3,202లో 698 మంది మిగతావాళ్ల బంధువులు. ఒక తేడా జనాభాలో ఎంత ఉందో చెప్పే ఫ్రీక్వెన్సీ లెక్కలకు వాళ్లను తీసేసి 2,504 మందితోనే చేయాలి. తీయకపోయినా ప్రోగ్రామ్ ఏమీ అనదు.

ఇక పైప్‌లైన్, అంటే ఫాస్ట్‌క్యూ నుంచి తేడాల పట్టిక దాకా నడిపే ప్రోగ్రామ్‌ల వరస. ఒక్క మనిషి 30 రెట్ల డేటాకు కుదించిన ఫాస్ట్‌క్యూ 60 నుంచి 80 జీబీ, రీడ్ల చోట్లు రాసి సార్ట్ చేసిన బామ్ ఫైలు ఇంచుమించు అంతే, మధ్యలో తాత్కాలిక ఫైళ్లు. శాంపిల్‌కు 300 జీబీ ఖాళీ చూసుకుని మొదలుపెట్టడం క్షేమం. వరస ఇది: డౌన్‌లోడ్, ఎండీ5 (ఫైలు చెడలేదని చూపే గుర్తు) సరిచూడటం, ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత చూడటం, బిడబ్ల్యూఏ మెమ్‌తో అలైన్‌మెంట్, సార్టింగ్, పీసీఆర్ డూప్లికేట్లకు (ఒకే డీఎన్ఏ ముక్క నకళ్లకు) గుర్తు పెట్టడం, తేడాలు, అంటే వేరియంట్లు వెతికే జీఏటీకే హాప్లోటైప్ కాలర్‌తో ఒక్కొక్కరికి జీవీసీఎఫ్ ఫైలు, అందరినీ కలిపి జీనోటైపింగ్ (ఏ చోట ఎవరికి ఏ అక్షరాలో తేల్చడం), ఆపైన ఫిల్టర్. వరస ఎక్కడైనా దొరుకుతుంది. ఏ మెట్టు దగ్గర ఏం జారిపోతుందో చెప్పేవాళ్లే తక్కువ.

అలైనర్‌నూ సార్టింగ్‌నూ పైపుతో కలిపి నడుపుతాం. మెమరీ చాలక అలైనర్ మధ్యలో చచ్చిపోయినా, పైపు చివరున్న సార్టింగ్ తనకు అందిన రీడ్లను సార్ట్ చేసి 'అంతా బాగుంది' అనే సున్నా కోడ్‌తో బయటికి రావచ్చు. ఫైలు నిర్మాణం సరిగ్గానే ఉంటుంది, పాడైన ఫైలు పట్టుకునే తనిఖీ కూడా పాసవుతుంది. లోపల రీడ్లు మాత్రం సగమే. స్క్రిప్టు పైన, పైపులో ఏది విఫలమైనా చెప్పే 'సెట్ -ఓ పైప్‌ఫెయిల్' ఉండాలి. దాంతో ఆగకుండా, ఫాస్ట్‌క్యూ లైన్లను నాలుగుతో భాగించి వచ్చిన సంఖ్యనూ బామ్‌లోని ప్రైమరీ రీడ్ల సంఖ్యనూ పోల్చాలి. రెండూ అక్షరాలా ఒకటే రావాలి, దగ్గర దగ్గరగా ఉంటే చాలదు.

బామ్ సారాంశం చూపే శామ్‌టూల్స్ ఫ్లాగ్‌స్టాట్ ఇచ్చే రెండు అంకెలు తర్వాత చూడాలి. మనిషి రక్తం శాంపిల్ మంచిదైతే 99 శాతం పైన రీడ్లు రిఫరెన్స్ మీద కూర్చుంటాయి, సరైన జతలు 95 శాతం దాటతాయి. మొదటిది బాగుండి రెండోది కుప్పకూలితే, రెండు ఫాస్ట్‌క్యూ ఫైళ్లను విడివిడిగా ఫిల్టర్ చేసి, రీడ్ల పేర్లు సరిచూడని అలైనర్‌కు ఇచ్చి ఉండొచ్చు (బిడబ్ల్యూఏ మెమ్ అయితే పేర్లు కలవక ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది). ఒక ఫైలులో పోయిన రీడ్ జత ఇంకో ఫైలులో మిగిలిపోయి, అక్కడి నుంచి కిందంతా జతలు తప్పుతాయి. ఫిల్టర్ ప్రోగ్రామ్‌కు రెండు ఫైళ్లూ ఒకేసారి ఇవ్వాలి.

రీడ్ ఏ శాంపిల్‌దో చెప్పే రీడ్ గ్రూప్ రాయకపోతే జీఏటీకే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది మంచిదే. స్క్రిప్టు కాపీ చేసి శాంపిల్ పేరు మార్చడం మరిచిపోతేనే ఇబ్బంది. ఇద్దరి బామ్‌లలోనూ ఒకే పేరుండి రెండూ కలిపి ఇస్తే ప్రోగ్రామ్ వాళ్లను ఒకే మనిషిగా లెక్కేస్తుంది.

రిఫరెన్స్ దగ్గర ఇంకా లోతైన గుంట ఉంది. జీఆర్‌సీహెచ్38 అనే రిఫరెన్స్‌లో మామూలు క్రోమోజోమ్‌లతో పాటు 261 ఆల్టర్నేట్ ముక్కలున్నాయి, ఒకే ప్రాంతానికి వేరే రూపాలు. రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్ఎల్ఏ ప్రాంతం, ఆరో క్రోమోజోమ్ మీద, వీటితో నిండి ఉంటుంది. ఫలానా ముక్కలు ఆల్టర్నేట్ అని చెప్పే చిన్న ఫైలు ఇండెక్స్ పక్కన లేకపోతే, అక్కడి రీడ్ రెండు మూడు చోట్ల సమానంగా సరిపోయినట్టు అలైనర్ భావిస్తుంది, మ్యాపింగ్ క్వాలిటీ (చోటు మీద నమ్మకం) సున్నా వేస్తుంది. వేరియంట్ కాలర్ ఆ సున్నా రీడ్లను పక్కన పెడుతుంది. చివరి ఫైలులో హెచ్ఎల్ఏ దగ్గర తేడాలు పెద్దగా కనిపించవు, చూసినవాళ్లు నిజంగానే లేవనుకుంటారు. నేర్చుకునేటప్పుడు ఆల్టర్నేట్ ముక్కలు తీసేసి విడుదల చేసిన అనాలిసిస్ సెట్ వాడితే ఈ బాధ ఉండదు.

టైమ్ ఆదా చేయడానికి 20వ క్రోమోజోమ్ ఒక్కదాని మీదే సాధన చేయడం మామూలే. సుమారు 6.4 కోట్ల అక్షరాలు, మొత్తంలో 2 శాతం. అయితే రిఫరెన్స్‌గా ఆ ఒక్క క్రోమోజోమ్‌నే ఇచ్చి మొత్తం రీడ్లను అలైన్ చేయకూడదు. వేరే క్రోమోజోమ్‌ల మీది పోలికలున్న రీడ్లకు వేరే చోటు లేక అన్నీ ఇక్కడే వచ్చి పడతాయి, లేని వేరియంట్లు పుట్టుకొస్తాయి. మొత్తం రిఫరెన్స్ మీద అలైన్ చేసిన బామ్‌లోంచి 20వ క్రోమోజోమ్ రీడ్లను తీసుకుని ముందుకు వెళ్లాలి.

అంకెల చోట్లు ఎక్కడి నుంచి లెక్కపెడతారన్నది ఈ రంగంలో ఎప్పటికీ వదలని తలనొప్పి. వీసీఎఫ్ (వేరియంట్లు), జీఎఫ్ఎఫ్ (జీన్ల చోట్లు), శామ్ (రీడ్లు) ఫైళ్లు ఒకటి నుంచి లెక్కపెడతాయి. ప్రాంతాలు రాసే బెడ్ ఫైలు సున్నా నుంచి లెక్కపెట్టి చివరి చోటును వదిలేస్తుంది. వీసీఎఫ్‌లో 101వ చోటు బెడ్‌లో 100-101. ఈ తేడా మరిచిపోతే ప్రతి వేరియంటూ పక్క అక్షరం మీద కూర్చుంటుంది, ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది. పట్టుకోవడానికి ఒకటే దారి: వీసీఎఫ్‌లో రిఫరెన్స్ అక్షరం అని రాసినదీ, రిఫరెన్స్ అక్షరాలున్న ఫాస్టా ఫైలులో ఆ చోట ఉన్నదీ ఒకటేనా అని బీసీఎఫ్‌టూల్స్‌తో చూడటం. అక్షరం జరిగిపోయినా, పాత జీఆర్‌సీహెచ్37 అంకెలు కొత్త రిఫరెన్స్ మీద వాడినా, ముప్పావు వంతు చోట్ల తేడా బయటపడుతుంది.

చివరి ఫైలు వచ్చాక నేను మొదట చూసేది ట్రాన్సిషన్, ట్రాన్స్‌వర్షన్ నిష్పత్తి. ఏ-జి, సి-టి మధ్య మార్పులు ట్రాన్సిషన్లు, మిగతావన్నీ ట్రాన్స్‌వర్షన్లు. గుడ్డిగా అక్షరాలు మారితే నిష్పత్తి 0.5 రావాలి, ఎందుకంటే ట్రాన్స్‌వర్షన్‌కు దారులు రెట్టింపు. నిజం మనిషి జీనోమ్‌లో 2.0, 2.1 దగ్గర ఉంటుంది, ప్రొటీన్ కోడ్ చేసే ప్రాంతాల్లో 3 దాకా పోతుంది. మొత్తం జీనోమ్‌కు 1.6 వచ్చిందంటే మిషన్ తప్పులు లోపలికి చొరబడ్డట్టే. ఫిల్టర్ కాస్త బిగించినకొద్దీ ఇది 2 వైపు ఎలా కదులుతుందో గ్రాఫ్ వేసి చూస్తే ఫిల్టర్ ఎక్కడ ఆపాలో కళ్లకు కడుతుంది.

వీటన్నిటినీ ఒకే చోట చూపించే ఉదాహరణ ఎంవైబీపీసీ3 అనే జీన్, 11వ క్రోమోజోమ్ మీద. గుండె కండరానికి కావలసిన ప్రొటీన్ జీన్ ఇది. అందులో ఒక ఇంట్రాన్ (ప్రొటీన్ కోడ్ చేయని మధ్య భాగం) నుంచి 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపం (డిలీషన్) భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంటుందని, గుండె కండర జబ్బు ప్రమాదంతో దానికి సంబంధం ఉందని 2009లో ప్రచురితమైంది. ఆ పనిలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. 4 శాతం లెక్కన 102 మంది ఐటీయూ శాంపిళ్లలో నలుగురి దగ్గర ఉండాలని అంచనా. ఈ డిలీషన్‌ను రీడ్లలో ఎలా చూస్తామో లెక్క కట్టడం మంచి పాఠం.

బిడబ్ల్యూఏ మెమ్ మార్కులు ఇలా వేస్తుంది: అక్షరం సరిపోతే 1, తప్పితే 4 కోత, గ్యాప్ తెరిస్తే 6, గ్యాప్‌లో ఒక్కో అక్షరానికి 1, రీడ్ కొసను కత్తిరించి వదిలేస్తే 5. 25 అక్షరాల గ్యాప్ ఖరీదు 31. డిలీషన్ అవతల రీడ్ కొస 20 అక్షరాలే ఉందనుకోండి. గ్యాప్ వేస్తే 20 లాభం, 31 నష్టం. కత్తిరిస్తే 5 నష్టంతో పోతుంది. కాబట్టి అలైనర్ కత్తిరిస్తుంది. అవతల 26 కన్నా ఎక్కువ అక్షరాలుంటేనే గ్యాప్ కనిపిస్తుంది. 150 అక్షరాల రీడ్‌లో డిలీషన్ పడగల 149 చోట్లలో ఈ షరతు రెండు వైపులా తీరేవి 97, అంటే 65 శాతం. 30 రెట్ల కవరేజ్‌లో హెటిరోజైగస్ మనిషికి డిలీషన్ వైపు నుంచి 15 రీడ్లు వస్తే గ్యాప్ చూపేవి పది, మిగతా ఐదూ కొస తెగి కనిపిస్తాయి. రీడ్ పొడవు 100, కవరేజ్ 7.4 అయితే? డిలీషన్ వైపు సగటున 3.7 రీడ్లు, వాటిలో గ్యాప్ చూపేవి 47 శాతం, రెండు కూడా రావు. పలచని డేటాలో చిన్న డిలీషన్లు ఎందుకు జారిపోతాయో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. హాప్లోటైప్ కాలర్ ఆ ప్రాంతం రీడ్లను మళ్లీ కొత్తగా అసెంబుల్ చేస్తుంది కాబట్టి కొస తెగిన రీడ్లు కూడా దానికి సాక్ష్యంగా పనికొస్తాయి. రీడ్లను బొమ్మగా చూపే ఐజీవీలో అదే చోట చూడండి. గ్యాప్ ఉన్న రీడ్ల మధ్య నల్ల గీత, దాని మీద 25 అంకె కనిపిస్తాయి. తెగిన కొసలు మామూలుగా దాచి ఉంటాయి, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి.

ఈ డిలీషన్‌కు పేరు పెట్టేటప్పుడూ జాగ్రత్త కావాలి. పక్కపక్కనే ఒకే అక్షరాలు మళ్లీ వస్తే ఒకే డిలీషన్‌ను రెండు మూడు చోట్ల రాయొచ్చు. వీసీఎఫ్ వాడకం ప్రకారం జీనోమ్‌లో వీలైనంత ఎడమకు జరపాలి. డాక్టర్ల రిపోర్టుల్లో వాడే పద్ధతి జీన్ దిశలో వీలైనంత చివరికి జరపమంటుంది. ఎంవైబీపీసీ3 రివర్స్ స్ట్రాండ్ మీద ఉంది కాబట్టి ఇక్కడ రెండు పద్ధతులూ ఒకే వైపుకు జరుపుతాయి. ఫార్వర్డ్ స్ట్రాండ్ జీన్లలో రెండూ ఎదురెదురుగా పోతాయి, డేటాబేస్‌లో వెతికితే 'ఇది కొత్త వేరియంట్' అనిపిస్తుంది. ఎవరితో పోల్చాలన్నా ముందు బీసీఎఫ్‌టూల్స్ నార్మ్ నడపాలి. ఇంకో మాట: ఈ డిలీషన్ ఉన్నవాళ్లలో కొందరికి అదే జీన్‌లో మరో మార్పు కూడా కలిసి వస్తుందని, ప్రమాదంలో భాగం దానివల్లేనని తర్వాతి పరిశోధన చూపించింది. సంబంధం కనిపించినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదని చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది.

మన జనాభా డేటాతో పనిచేసేవాళ్లు తప్పక తెలుసుకోవలసింది మేనరికం లెక్క. మేనమామ, అత్త పిల్లల మధ్య పెళ్లయితే బిడ్డ జీనోమ్‌లో 16వ వంతు, మేనమామకూ మేనకోడలికీ అయితే 8వ వంతు రెండు వైపులా ఒకే పూర్వీకుల నుంచి వచ్చి ఉంటుందని సగటు అంచనా. ఆటోజోమ్‌ల (ఎక్స్, వై కాని క్రోమోజోమ్‌ల) పొడవు 290 కోట్లకు కాస్త తక్కువ, అంటే 18 కోట్లు, లేదా 36 కోట్ల అక్షరాలు హెటిరోజైగస్ చోట్లు దాదాపు లేకుండా సాగుతాయి. ఇప్పుడు నాణ్యత తనిఖీలో హెటిరోజైగస్, హోమోజైగస్ (రెండు వైపులా ఒకే అక్షరం) నిష్పత్తి చూస్తాం. అది తక్కువున్న శాంపిల్‌ను పాడైందని తీసేయమనే సూచనలు చాలా చోట్ల ఉంటాయి. అలాగే హార్డీ-వీన్‌బర్గ్ సమతూకం (బంధుత్వం లేని పెళ్లిళ్లలో ఉండాల్సిన జీనోటైప్ నిష్పత్తులు) తప్పిన వేరియంట్‌ను జీనోటైపింగ్ తప్పుగా భావించి తొలగిస్తారు. దగ్గరి పెళ్లిళ్లున్న జనాభాలో ఈ రెండు ఫిల్టర్లూ మంచి డేటానే పారేస్తాయి, అదీ రిసెసివ్ (జీన్ రెండు ప్రతులూ చెడితేనే వచ్చే) జబ్బులు వెతకడానికి అవసరమైన డేటానే. హెటిరోజైగస్ చోట్లు ఎక్కువైపోయిన వైపు మాత్రమే ఫిల్టర్ పెట్టడం నా పద్ధతి. రెండు శాంపిళ్లు కలిసిపోయినా, పోలిక ప్రాంతాల రీడ్లు ఒకచోట పోగైనా ఎక్కువవుతాయే గానీ తగ్గవు. తగ్గుదల కనిపిస్తే అది జీనోమ్ అంతా పలచగా ఉందా, పొడవాటి పట్టీలుగా ఉందా చూడాలి. పట్టీలుగా ఉంటే అది బంధుత్వం. అంతటా సమంగా ఉంటే కవరేజ్ చాలలేదు.

ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చూసే ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ గురించి క్లుప్తంగా. స్టార్ అలైనర్‌కు మనిషి జీనోమ్ మీద 30 జీబీ దాకా మెమరీ కావాలి. ఒక్కో జీన్‌కు ఎన్ని రీడ్లో లెక్కించే ఫీచర్ కౌంట్స్‌లో స్ట్రాండ్ సెట్టింగ్ 0, 1, 2 ఉంటాయి. డీయూటీపీ పద్ధతి (రీడ్ జీన్‌కు ఎదురు పోగు నుంచి వచ్చే) కిట్లకు 2 పెట్టాలి. 1 పెడితే జీన్లకు లెక్కపడ్డ రీడ్లు కొద్ది శాతానికి పడిపోతాయి, ప్రోగ్రామ్ మాత్రం పట్టిక ఇచ్చేస్తుంది. కిట్ తెలియకపోతే మూడూ నడిపి చూస్తే బయటపడుతుంది. జీన్ల తేడా పరీక్షించే డీఈసెక్2కు ముడి కౌంట్లే ఇవ్వాలి. టీపీఎంలను (జీన్ పొడవుకూ మొత్తం రీడ్లకూ సర్దిన అంకెలను) రౌండ్ చేసి ఇచ్చినా తీసుకుంటుంది, అప్పుడు వేరియెన్స్ అంచనా అర్థం లేనిదవుతుంది. 20,000 జీన్లను 0.05 దగ్గర పరీక్షిస్తే ఏమీ లేకపోయినా 1,000 జీన్లు తేడా ఉన్నట్టు వస్తాయి, అందుకే సరిదిద్దిన పీ విలువే చూడాలి. రోగుల శాంపిళ్లన్నీ ఒక బ్యాచ్‌లో, ఆరోగ్యవంతులవన్నీ ఇంకో బ్యాచ్‌లో నడిపి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. డేటా తీసుకునే ముందే శాంపిల్ షీట్ అడగాలి. జీన్ల పట్టికను ఎక్సెల్‌లో తెరిస్తే కొన్ని పేర్లు తేదీలైపోయేవి. ఆ గొడవ పడలేక 2020లో సెప్టిన్, మార్చ్ కుటుంబం జీన్ల పేర్లే మార్చారు. పాత పట్టికల్లో ఇప్పటికీ తేదీలు కనిపిస్తాయి.

మెషిన్ లెర్నింగ్ ఎలక్టివ్ తీసుకునేవాళ్లు ట్రైనింగ్, టెస్ట్ విభజన దగ్గర ఆగి ఆలోచించాలి. జీనోమ్‌ను చిన్న కిటికీలుగా కోసి యాదృచ్ఛికంగా పంచితే పక్కపక్క కిటికీలు రెండు వైపులా పడతాయి, మోడల్ బట్టీపట్టినా 98 శాతం వస్తుంది. క్రోమోజోమ్ మొత్తంగా విడదీయాలి. డీప్ లెర్నింగ్‌తో వేరియంట్లు వెతికే డీప్‌వేరియంట్ తయారుచేసినవాళ్లు 20, 21, 22 క్రోమోజోమ్‌లను ట్రైనింగ్ నుంచి దూరం పెట్టింది ఇందుకే. అదీ సరిపోని సందర్భాలున్నాయి: ఒకే కుటుంబానికి చెందిన జీన్లు వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద ఉంటాయి, అప్పుడు పోలికను బట్టి గుంపులు కట్టి గుంపులుగా విడదీయాలి.

థీసిస్ దశలో మన దేశపు డేటా మీద పనిచేయాలనుకునేవాళ్లకు జీనోమ్ ఇండియా 10,000 మంది డేటా ఉంది. 2025 జనవరి నుంచి ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఐటీయూ డేటాలా నేరుగా డౌన్‌లోడ్ చేసుకునేది కాదు, దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కోసం ఎదురుచూసే కాలంలో పైప్‌లైన్ మొత్తం ఐటీయూ శాంపిళ్ల మీద కట్టి, దాన్నే జీనోమ్ ఇన్ ఎ బాటిల్ ప్రాజెక్టు శాంపిల్ ఒకదాని మీదా నడిపి, ఆ శాంపిల్‌కు వాళ్లిచ్చే సరిచూసిన వేరియంట్ల పట్టికతో పోల్చి, ఎన్ని పట్టుకుంది, ఎన్ని లేనివి చూపింది అన్న రెండు అంకెలూ చేతిలో ఉంచుకోవాలి. గైడ్ ముందు ఏదైనా ఫలితం పెట్టేటప్పుడు మొదటి ప్రశ్న వాటి గురించే వస్తుంది.

డిస్కులో చోటు చాలక బామ్‌లను ఇంకా కుదించిన క్రామ్ ఫైళ్లుగా మార్చి దాచడం మామూలు, సైజు సగానికి దగ్గరగా తగ్గుతుంది. క్రామ్‌లో రిఫరెన్స్‌తో ఉన్న తేడాలే ఉంటాయి కాబట్టి, చదవాలంటే సరిగ్గా అదే రిఫరెన్స్ కావాలి. పేరు అదే అయినా ఆల్టర్నేట్ ముక్కలున్న ఫైలు, లేని ఫైలు వేర్వేరు. ఒక్కో క్రోమోజోమ్ ఎండీ5 క్రామ్ హెడర్‌లో ఉంటుంది, దాన్ని బట్టి సరిపోయేది గుర్తుపట్టొచ్చు. ప్రాజెక్టు ముగించేటప్పుడు వాడిన రిఫరెన్స్ ఫాస్టా, దాని ఇండెక్స్, ప్రతి ప్రోగ్రామ్ వెర్షన్, నడిపిన కమాండ్‌లు ఉన్న స్క్రిప్టులు, అసలు ఫాస్ట్‌క్యూల ఎండీ5లు, అన్నీ క్రామ్‌లున్న ఫోల్డర్‌లోనే పెట్టాలి. ఆ తర్వాత వేరే మిషన్ మీద ఒక్క క్రామ్‌ను ఆ ఫోల్డర్ నుంచే తిరిగి ఫాస్ట్‌క్యూగా మార్చి, రీడ్ల సంఖ్య మొదటి రోజు రాసుకున్న అంకెతో కలిసిందో లేదో చూడాలి. కలిసిన తర్వాతే అసలు ఫాస్ట్‌క్యూలు తొలగించాలి.